40 హెర్ట్జ్ లైటు, మతిమరుపు, మా ఈఈజీ రూమ్‌లో మెరుపులు

ఈ మధ్య మా ల్యాబ్‌కి అమ్మనో నాన్ననో తీసుకొచ్చే వాళ్ళు తప్పకుండా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "మేడమ్, ఏదో నలభై హెర్ట్జ్ లైటంట కదా, రోజూ గంట చూస్తే మతిమరుపు పోతుందంట, యూట్యూబ్‌లో ఉంది, పెట్టమంటారా?" అని ఫోన్ తీసి చూపిస్తారు, స్క్రీన్ మొత్తం తెల్లగా టపటపా కొట్టుకుంటూ ఉంటది, కింద లక్షల్లో వ్యూస్. హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్నిసార్లు అనే లెక్క, నలభై హెర్ట్జ్ అంటే సెకనుకి నలభైసార్లు వెలిగి ఆరే లైటు. నేను డాక్టర్ని కాదు, ఈఈజీ టెక్నీషియన్ని, అంటే తల మీద తీగలంటించి మెదడులో కరెంటు అలల్ని రికార్డ్ చేసేదాన్ని, మందుల సంగతి నన్నడిగితే డాక్టర్ గారి రూమ్ వైపే చూపిస్తా. కానీ మనుషుల కళ్ళ మీద లైటు కొట్టి వాళ్ళ మెదడు ఏం చేస్తుందో చూడటం నా రోజువారీ పని కాబట్టి ఈ విషయం మీద నాకు కొంచెం ఎక్కువే ఆసక్తి, చదివింది కూడా కొంత ఉంది. అడిగిన వాళ్ళందరికీ కారిడార్‌లో నిలబడి చెప్పడం కుదరట్లేదు, అందుకే రాసేస్తున్నా.

ముందు మా రూమ్‌లో ఏం జరుగుతుందో చెప్తా, మిగతాది అప్పుడే అర్థమవుద్ది. ఈఈజీకి వచ్చే ముందు తలస్నానం చేసి నూనె పెట్టుకోకుండా రమ్మని ఫోన్లో ఒకటికి నాలుగుసార్లు చెప్తాం, అయినా సగం మంది "కొంచెమే రాశానమ్మా" అంటూ వస్తారు. టేప్‌తో తల కొలిచి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, పేస్ట్‌తో ఎలక్ట్రోడ్లు అంటించి పడుకోబెడతాం. కాసేపు మామూలుగా రికార్డ్ చేశాక, గట్టిగా ఊపిరి తీసి వదలమని చెప్పే భాగం అయ్యాక, చివర్లో లైటు. స్టాండుకి ఉన్న స్ట్రోబ్ దీపాన్ని మొహానికి జానెడున్నర దూరంలో పెట్టి, సెకనుకి ఒక మెరుపు దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోతాం, ఒక్కో స్పీడులో కొన్ని సెకన్లు, మధ్యలో కళ్ళు తెరువు, మూయి అని చెప్తూ.

అప్పుడు స్క్రీన్ మీద ఓ1, ఓ2 అని రాసున్న గీతలు చూడాలి. ఆ రెండు ఎలక్ట్రోడ్లు తల వెనక భాగంలో, చూపుకి సంబంధించిన మెదడు మీద ఉంటాయి. పది మెరుపుల దగ్గరికి వచ్చేసరికి చాలామందిలో ఆ గీతలు కూడా సెకనుకి పదిసార్లు లేచి పడటం మొదలవుద్ది, లైటు ఆపగానే ఆగిపోద్ది. దీన్ని మేం ఫోటిక్ డ్రైవింగ్ అంటాం. చేతి మీద జోల కొడితే పసిబిడ్డ ఊపిరి మారడం చూశాం గానీ, కనురెప్పల బయట కొట్టిన లైటు లెక్కని మెదడు లోపల అంత శుభ్రంగా ఒప్పజెప్పడం మాత్రం ఎప్పుడు చూసినా నాకు కొత్తగానే ఉంటది. కళ్ళు మూసుకునున్నవాళ్ళకి రంగులు, గళ్ళు, చక్రాలు కనిపిస్తాయి, ఒక మామ్మగారైతే లేచి కూర్చుని "ఎంత మంచి ముగ్గులేసిందో" అన్నారు. ఎవరేసిందో నేను అడగలేదు.

ఇదేం కొత్త సంగతి కాదు. జర్మనీలో యేనా ఊళ్ళో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు మనిషి తల మీద నుంచి కరెంటు అలల్ని రికార్డ్ చేసి 1929లో ప్రచురించాడు, అప్పట్లో పెద్దగా ఎవరూ నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జ్‌లో ఎడ్రియన్, మాథ్యూస్ అనే ఇద్దరు అదే ప్రయోగం మళ్ళీ చేసి నిజమే అని తేల్చారు, పనిలో పనిగా లైటు మినుకుమినుకుమంటుంటే ఆ అలలు లైటు స్పీడుని అందుకుంటాయని కూడా చూపించారు. 1946లో బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ వాళ్ళు ఎలక్ట్రానిక్ స్ట్రోబ్ తెచ్చి దీన్ని ఇంకా ముందుకి తీసుకెళ్ళారు, ఫిట్స్ వచ్చే మనుషుల్ని గుర్తుపట్టడానికి ఇది పనికొస్తుందని అప్పుడే అర్థమైంది. మా రూమ్‌లో దీపం ఆ వంశానిదే. అంటే లైటుతో మెదడు అలల్ని కదపొచ్చు అనేది తొంభై ఏళ్ళ పాత మాట. కొత్తదేంటంటే, అలా కదిపితే జబ్బు మీద ఏమైనా ప్రభావం ఉంటదా అనేది.

ఆ కథ మొదలైంది అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీలో, లీ-హ్వే ట్సాయ్ అనే శాస్త్రవేత్త ల్యాబ్‌లో. మన మెదడులో చాలా రకాల లయలు ఒకేసారి నడుస్తుంటాయి, అందులో సెకనుకి ముప్ఫై నుంచి ఎనభై, వంద దాకా ఉండే వేగమైన వాటిని గామా అంటారు, ఏదైనా శ్రద్ధగా చూస్తున్నప్పుడు, గుర్తుపెట్టుకుంటున్నప్పుడు ఇవి బాగా కనిపిస్తాయి, పెద్దవయసులో మతిమరుపు తెచ్చే అల్జీమర్స్ జబ్బులో తగ్గుతాయి. మరి బయట నుంచి ఆ లయని మళ్ళీ తెప్పిస్తే? ముందు ఎలుకల మెదడులోకి సన్నటి ఫైబర్ దింపి, జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోకాంపస్‌లో కొన్ని కణాల్ని నేరుగా లైటుతో సెకనుకి 40 సార్లు కదిపారు. అల్జీమర్స్‌లో పేరుకుపోయే అమైలాయిడ్ అనే ప్రొటీన్ తగ్గింది. తర్వాత అసలు తల తెరవకుండా, ఎలుకల్ని ఒక పెట్టెలో పెట్టి ఎల్ఈడీ లైటుని 40 సార్లు ఆర్పి వెలిగించారు, అంటే పన్నెండున్నర మిల్లీసెకన్లు వెలుగు, పన్నెండున్నర చీకటి. ఒక్క గంటకే చూపు భాగంలో అమైలాయిడ్ దాదాపు సగం తగ్గింది. మైక్రోగ్లియా అని మెదడులో చెత్త ఎత్తే కణాలుంటాయి, అవి ఒళ్ళు పెంచుకుని పనిలోకి దిగాయి. 20తో చేస్తే రాలేదు, 80తో చేస్తే రాలేదు, లెక్కాపత్రం లేకుండా మినుకుమినుకుమనిపించినా రాలేదు. 2016 డిసెంబర్‌లో నేచర్ పత్రికలో వచ్చింది, ప్రపంచమంతా గోల.

ఆ గోలలో రెండు ముక్కలు ఎవరూ చెప్పలేదు. ఒక గంట లైటుతో వచ్చిన ఆ తగ్గుదల 24 గంటల్లో మళ్ళీ మామూలైపోయింది, అందుకే తర్వాత రోజూ గంట చొప్పున వారం రోజులు చేశారు. రెండోది, ఆ లైటు పని చేసింది చూపు భాగంలో, జ్ఞాపకాల భాగంలో కాదు. మతిమరుపుకి హిప్పోకాంపస్ కావాలి కదా, అది లోపలెక్కడో ఉంది, తల వెనక మెరిసింది అక్కడిదాకా పోవాలి. దానికోసం వాళ్ళే 2019లో శబ్దం కలిపారు, సెకనుకి 40 సార్లు టిక్కు టిక్కుమనే టోన్, అది హిప్పోకాంపస్‌ని చేరింది, ఎలుకలు గుర్తుపట్టే పరీక్షల్లో, నీళ్ళల్లో దారి వెతుక్కునే పరీక్షల్లో మెరుగయ్యాయి. లైటూ శబ్దమూ కలిపితే ప్రభావం మెదడు ముందు భాగం దాకా పాకింది. 2024లో ఇంకో పరిశోధన ప్రచురించారు, ఈ 40 లయ వల్ల రక్తనాళాలు కొట్టుకోవడం మారి, మెదడు చుట్టూ ఉండే ద్రవం లోపలికి పారి మురికిని బయటికి కడుగుతోందని.

ఇంతవరకు చదివితే ఎవరికైనా ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది. అయితే 2023లో న్యూయార్క్ యూనివర్సిటీలో గ్యోర్గీ బుజాకీ ల్యాబ్ నుంచి ఒక పరిశోధన పేపర్ వచ్చింది. మెదడు లయల గురించి ఆయనకన్నా ఎక్కువ తెలిసినవాళ్ళు ప్రపంచంలో తక్కువమంది. అవే రకం ఎలుకలు, అదే 40 హెర్ట్జ్ లైటు. అమైలాయిడ్ తగ్గినట్టు నమ్మకంగా ఏమీ కనపడలేదు, మైక్రోగ్లియా మారలేదు, హిప్పోకాంపస్‌లో చాలా కొద్ది కణాలు మాత్రమే, అవీ నీరసంగా స్పందించాయి, పైగా ఎలుకలకి ఆ లైటు ఇష్టం లేదు, తప్పించుకుపోయాయి.

వాళ్ళు లేవదీసిన అసలు ప్రశ్న నాకు బాగా తగిలింది, ఎందుకంటే అది రోజూ నా స్క్రీన్ మీదే ఉంది. భజనలో ఒకాయన తాళం వేస్తుంటే మిగతావాళ్ళు ఆ తాళాన్ని అందుకుని తమంతట తాము పాడతారు, అది ఒకటి. ఖాళీ గుడి మండపంలో నిలబడి ఒక్కడే తాళం కొడితే ప్రతి దెబ్బకీ గోడ మోగుతుంది, అది ఇంకొకటి. దూరం నుంచి వినేవాడికి రెండూ ఒకే లెక్కలో వినిపిస్తాయి. లైటు కొట్టినప్పుడు ఓ1, ఓ2లో కనిపించే అల మెదడు తన సొంత గామాని అందుకోవడమా, లేక ఒక్కో మెరుపుకి ఒక్కో ప్రతిధ్వనా? బుజాకీ వాళ్ళు తమ ఎలుకల్లో చూసింది రెండోది అన్నారు, సొంత గామా పక్కన దాని దారిన అది నడుస్తూనే ఉందంట. గీత బాగా ఊగింది కదా అని లోపల జ్ఞాపకశక్తి పెరిగిపోయిందని అనుకోడానికి లేదు, ఇది మాత్రం నేను ఎన్ని గీతలు చూశానో వాటి మీద ఒట్టేసి చెప్పగలను.

మరి మనుషుల్లో? ట్సాయ్ బృందమే 2022లో ప్రచురించిన చిన్న ట్రయల్ ఉంది, తొలిదశ అల్జీమర్స్ ఉన్న 15 మంది, ఇంట్లోనే రోజూ గంట, మూడు నెలలు, కొంతమందికి 40 హెర్ట్జ్ లైటూ శబ్దమూ, మిగతావాళ్ళకి కదలని తెల్ల లైటు, హోరు. 40 తీసుకున్నవాళ్ళలో మెదడు కుంచించుకుపోవడం తక్కువుంది, మొహానికీ పేరుకీ జత గుర్తుపెట్టుకునే పరీక్షలో బాగా చేశారు, నిద్రా మెలకువా కాస్త గాడిన పడ్డాయి. పదిహేను మంది అంటే మా ల్యాబ్‌లో కొన్ని రోజులకి వచ్చే జనం. తర్వాత ట్సాయ్, ఆమె సహచరుడు ఎడ్ బోయ్డెన్ కలిసి పెట్టిన కాగ్నిటో థెరప్యూటిక్స్ అనే కంపెనీ కళ్ళద్దాలు, హెడ్‌ఫోన్స్ లాంటి పరికరం తయారుచేసి 70 మందికి పైగా ఆరు నెలల ట్రయల్ చేసింది. రోజువారీ పనులు చేసుకునే శక్తి తగ్గడం నెమ్మదించింది, మెదడు కుదించుకుపోవడం నెమ్మదించింది అన్నారు, బాగానే ఉంది, కానీ ముందుగా పెట్టుకున్న ప్రధాన కొలతలో నకిలీ పరికరం వాడినవాళ్ళకీ వీళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కంపెనీ ప్రకటన చదివితే మొదటి సగమే పెద్ద అక్షరాల్లో ఉంటది, పేపర్ చదివితే రెండో సగం. తేల్చడానికని అమెరికాలో హోప్ అనే పెద్ద ట్రయల్ పెట్టారు, 600 మందికి పైగా, పన్నెండు నెలలు. నా మట్టుకు నేను ఆ స్థాయి ట్రయల్‌లో నిలబడితేనే దీన్ని వైద్యం అంటా, అప్పటిదాకా ఇది మంచి ప్రశ్న, అంతే.

మన దగ్గర కూడా దీని మీద పని జరుగుతోంది, అది చాలామందికి తెలీదు. బెంగళూరులో ఐఐఎస్సీ అనే సైన్స్ సంస్థలో సుప్రతిమ్ రే ల్యాబ్ వాళ్ళు పెద్దవయసువాళ్ళని కూర్చోబెట్టి స్క్రీన్ మీద నలుపు తెలుపు చారలు చూపిస్తూ ఈఈజీ తీశారు, అలాంటి చారలకి మెదడులో గామా దానంతట అదే లేస్తది, బయట నుంచి మినుకుమినుకు ఏమీ ఉండదు. వయసు పెరిగేకొద్దీ అది తగ్గుతోందని 2020లో, మతిమరుపు తొలిదశలో ఉన్నవాళ్ళలో అదే వయసు ఆరోగ్యవంతుల కన్నా ఇంకా బలహీనంగా ఉందని 2021లో ప్రచురించారు. జబ్బున్నవాళ్ళ సంఖ్య చిన్నదే అయినా నాకు ఇది లైటు వైద్యం కన్నా ఎక్కువ నచ్చింది, ఎందుకంటే ఖర్చు తక్కువ, స్కాన్ అక్కర్లేదు, మా లాంటి రూమ్‌లో కూడా చేయొచ్చు, ముందుగా పసిగట్టడానికి పనికొస్తే అంతకన్నా ఏం కావాలి. ఎంఐటీలో ఈ 40 హెర్ట్జ్ పని చేసిన చిన్నకరుప్పన్ అడైక్కన్ కూడా ఇప్పుడు అదే క్యాంపస్‌లో ఉన్న సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్‌లోనే ఉన్నారు.

జబ్బు లేని మామూలు మనుషుల జ్ఞాపకశక్తి సంగతికొస్తే అక్కడ 40 కాదు, ఇంకా నిదానమైన థీటా, సెకనుకి నాలుగు నుంచి ఎనిమిది. బర్మింగ్‌హామ్‌లో 2017లో చేసిన ప్రయోగం ఒకటి నాకు భలే నచ్చింది. మూడు సెకన్ల వీడియో ముక్క, మూడు సెకన్ల శబ్దం జత చేసి చూపించారు, వీడియో వెలుగుని సెకనుకి నాలుగుసార్లు పెంచుతూ తగ్గిస్తూ, శబ్దాన్ని కూడా అదే లెక్కలో. రెండూ కలిసి పెరిగి కలిసి తగ్గితే ఏ వీడియోకి ఏ శబ్దమో జనం బాగా గుర్తుపెట్టుకున్నారు, ఒకటి ముందు ఒకటి వెనక అయితే గుర్తు తగ్గింది. అంటే వెలుగు కొట్టడం ఒక్కటే కాదు, చెవీ కన్నూ ఒకే తాళంలో ఉండటం ముఖ్యం. ఆ తర్వాతి ఏడాది అమెరికాలో జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసే చరణ్ రంగనాథ్ బృందం పదాలు చదివించాక సుమారు అరగంట 5.5 హెర్ట్జ్ లైటూ శబ్దమూ ఇచ్చి పరీక్షిస్తే, ఉత్తి హోరు విన్నవాళ్ళ కన్నా వీళ్ళు ఆ పదం ఏ సందర్భంలో చూశామో బాగా గుర్తుచేసుకున్నారు. పరీక్షల ముందు పిల్లలకి పెట్టేయొచ్చా అని మా అక్క వెంటనే అడిగింది. వద్దక్కా, వాడు చదివితే చాలు అన్నా.

ఇప్పుడు అసలు ఫోన్ సంగతి, దీనికోసమే ఇంత రాశా. మామూలు ఫోన్ స్క్రీన్ సెకనుకి 60 సార్లు బొమ్మ మారుస్తది. 40 సార్లు వెలిగి ఆరాలంటే ఒక్కో చక్రానికి ఒకటిన్నర బొమ్మ రావాలి, సగం బొమ్మ అనేది ఉండదు. కాబట్టి 40 హెర్ట్జ్ అని తయారుచేసిన వీడియో 60 బొమ్మల లెక్కలో పడితే ఏమవుద్దంటే వెలుగు, చీకటి, వెలుగు, మళ్ళీ వెలుగు, చీకటి, వెలుగు, ఇలా మూడేసి బొమ్మలకి ఒకసారి తిరుగుద్ది, అరవైని మూడుతో భాగించండి, ఇరవై. అంటే మీరు చూసేది 20 హెర్ట్జ్. వీడియో 30 బొమ్మలదైతే అదే లెక్కన పది. కావాలంటే కాగితం మీద గీసి చూస్కోండి. 120 బొమ్మల ఫోన్, వీడియో కూడా నిజంగా 120లోనే తీసింది అయితేనే 40 సరిగ్గా వస్తది, యూట్యూబ్ మామూలుగా 60 దాటనివ్వదు. ఎంఐటీ ఎలుకల్లో 20 పని చేయలేదని పైన రాశా కదా, ఆ వీడియోలు చూసి మా అమ్మకి తేడా తెలిసింది అనేవాళ్ళు దేనివల్ల తెలిసిందనుకుంటున్నారో మరి. తోడుగా కూతురు రోజూ గంట పక్కన కూర్చుంటే ఏ అమ్మకైనా తేడా ఉంటది అనేది నా సొంత అనుమానం.

పని చేయకపోతే పోనీ, నష్టమేముంది అంటారు. ఉంది. లైటుకి ఫిట్స్ వచ్చే తత్వం ఉన్నవాళ్ళకి అన్నిటికన్నా ప్రమాదకరమైన వేగం సెకనుకి 15 నుంచి 25, సరిగ్గా ఆ వీడియో ఫోన్లో ఇచ్చే ఇరవై ఆ మధ్యలోనే కూర్చుంది. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్‌లో ఎరుపు నీలం సెకనుకి పన్నెండు సార్లు మారే సీన్ ఒకటి కొన్ని సెకన్లపాటు వచ్చింది, ఆ సాయంత్రం 685 మంది పిల్లల్ని హాస్పిటల్స్‌కి తీసుకెళ్ళారు, వాళ్ళలో చాలామందికి అంతకుముందు ఎప్పుడూ ఫిట్స్ లేవు. మా రూమ్‌లో లైటు పెట్టేటప్పుడు నా చెయ్యి ఎప్పుడూ ఆపే బటన్ మీదే ఉంటది, గీతల్లో ఫిట్స్‌కి సూచనగా వచ్చే ఒక రకమైన ముళ్ళు కనపడగానే ఆపేస్తా, పక్కనే ఆక్సిజన్, మందు రెడీగా ఉంటాయి. ఇంట్లో చీకటి గదిలో, మొహానికి దగ్గరగా ఫోన్ పట్టుకుని, ఒంటరిగా ఉన్న డెబ్భై ఏళ్ళ పెద్దాయన దగ్గర ఇవేమీ ఉండవు. పెద్దవయసులో పక్షవాతం వచ్చిపోయినవాళ్ళకీ, అల్జీమర్స్ ఉన్నవాళ్ళకీ మామూలుగానే ఫిట్స్ అవకాశం ఎక్కువ. ఎల్ఈడీ స్ట్రిప్ కొని సర్క్యూట్ కట్టి 40 తెప్పించేవాళ్ళకి లెక్క తప్పకపోవచ్చు గానీ తలనొప్పి, మైగ్రేన్ ఉన్నవాళ్ళకి గంటసేపు ఆ టపటప ఎలా ఉంటదో ఆ ఎలుకలనే అడగాలి.

పెళ్ళి సంగీత్‌లో డీజే స్ట్రోబు, కొబ్బరిచెట్ల మధ్య సాయంత్రం ఎండలో బైక్ మీద పోతుంటే పడే నీడలు, ఇవి కూడా ఇదే జాతి, ఫిట్స్ ఉన్నవాళ్ళు వాటి ముందు ఒక కన్ను పూర్తిగా అరచేత్తో మూసుకుంటే చాలావరకు ఆగుద్ది, రెండు కళ్ళు రెప్పలేసుకుంటే ఆగదు, రెప్పల్లోంచి ఎర్రగా లోపలికి వస్తూనే ఉంటది.

ఇక అమ్మకి మతిమరుపు అని వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, వీడియో పక్కనపెట్టి డాక్టర్ గారిని బీ12, థైరాయిడ్ చూశారా అని అడగండి, చెవులు సరిగ్గా వినిపిస్తున్నాయా చూడండి, నిద్రకోసం, అలర్జీకోసం వేసుకునే బిళ్ళలన్నీ కవర్లో వేసి తీసుకెళ్ళి చూపించండి, రాత్రి గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగుతోందేమో గమనించండి, మనసు బాగోక మౌనంగా అయిపోయారా అనేది కూడా. వీటిలో కొన్ని సరిచేస్తే మతిమరుపు తగ్గినవాళ్ళని మా రూమ్‌కి రెండోసారి వచ్చినప్పుడు చూశా, ఒకావిడైతే పేస్ట్ రాస్తుంటే "పోయినసారి కూడా నువ్వే కదమ్మా జుట్టంతా పాడుచేసింది" అంది.